సమస్యాపూరణం: మందు లేని యిల్లె మందుకొట్టు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను. సందర్భం ఫిన్లాండ్ పల్లెలోని మందుల కొట్టు కుటుంబం: ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం.

గోదారిగట్టు:
చట్ట మొకటి వచ్చె సారాయి నాపగ;
చీటి పట్టి వచ్చి సీస నడుగు
పొరుగువారి కిచ్చి పుచ్చుకో డొకచుక్క;
మందు లేని యిల్లె మందుకొట్టు!

1919 నుంచి 1932 దాకా అక్కడ మద్యనిషేధం. డాక్టరు చీటీ రాస్తే సారా మందుల కొట్లోనే ఇచ్చేవారు.

నిర్వాహకుడు: ‘మందు’ రెండర్థాల్లోనూ పలికింది. కానీ సీసాను ‘సీస’ అంటే లోహం గుర్తొస్తుంది. “చీటి పట్టి వచ్చి చేయి చాచు” అని చూడండి. చీ–చే యతి చెల్లుతుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషీ కనిపిస్తాడు.

కుప్పెలు:
గాజుకుప్పె లెన్నొ కనువిందు చేయును,
అడుగువారికైన నమ్మ రిపుడు;
ఔర నదికి చెంత నా పాత వీథిలో
మందు లేని యిల్లె మందుకొట్టు.

ఇది తుర్కు నగరంలో ఔర అనే నది ఒడ్డునున్న క్వెన్‌సెల్ ఇల్లు. సుమారు 1700లో కట్టిన చెక్క ఇల్లు, 1958 నుంచి మందుల కొట్టు మ్యూజియం. దేశంలో మొదటి మందుల కొట్టు 1689లో ఆ ఊళ్లోనే తెరిచారు.

నిర్వాహకుడు: ధార బాగుంది. అయితే అది ఒక జడ్జి కట్టించుకున్న పట్నం ఇల్లు. మనం అడిగిన కుటుంబం ఇందులో లేదు కదా!

మంచుపల్లె: అన్నయ్యా, నేనుండేది ఫిన్లాండ్‌లోనే. ఇక్కడి సల్మియాక్కి బిళ్ల చూడండి: అతిమధురంలో నవాసారం, మన కళాయి పెట్టేవాళ్లు వాడేదే. నాలుక మీద ఉప్పగా చురుక్కుమంటుంది. ఒకప్పుడు దగ్గుకని మందుల కొట్లో అమ్మిన సరుకు. దాన్నే పద్యంలో పెడదామనుకున్నాను, కానీ లైసెన్సు సంగతి మనసును పట్టేసింది. ఇక్కడ కొట్టు లైసెన్సు మనిషికే ఇస్తారు, ఆస్తిలా పిల్లలకు రాదు. కొడుకైనా ఫార్మసీ చదివి, అర్జీ పెట్టుకోవాల్సిందే.

తండ్రితోనె చెల్లె దక్కిన యనుమతి;
కొడుకు మూట గట్టె గూడు విడిచి;
గుండె బరువు దించు గుళిక యొక్కటి లేదు;
మందు లేని యిల్లె మందుకొట్టు.

నిర్వాహకుడు: నాలుగు యతులూ సరిపోయాయి. సమస్యలోని ‘లేని’కి అసలైన బరువు ఇక్కడే వచ్చింది. ‘గుళిక’ తెలిసిన మాటే అయినా, మాత్రలు నూరి అమ్మిన ఇంట్లో అది గుచ్చుకుంటుంది.

గోదారిగట్టు: “కొడుకు మూట గట్టె” దగ్గర ఆగిపోయానమ్మా. నా రెండో పాదం మార్చి మళ్లీ పెడతాను.