అప్‌డేట్: ప్రెగ్నెన్సీ షుగర్‌కి ఇనాసిటాల్ పొడి గురించి అడిగాను కదా

26వ వారంలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసిన టెస్టులో రెండు గంటలకు 162 వచ్చింది, ప్రెగ్నెన్సీ షుగర్ అన్నారు. మయో-ఇనాసిటాల్ పొడి (ఇన్సులిన్ బాగా పనిచేయడానికని అమ్మే ఒక సప్లిమెంట్) వాడొచ్చా అని అప్పుడు ఇక్కడ అడిగాను. డాక్టర్‌ని అడగమన్నారు మీరంతా. అడిగాను. ఆవిడ వద్దనలేదు గానీ, "ఇది తిండి మార్పుకీ ఇన్సులిన్‌కీ బదులు కాదమ్మా" అన్నారు.

పొద్దున రెండు గ్రాములు, రాత్రి రెండు గ్రాములు. తిన్నాక వచ్చే రీడింగులు తగ్గిన మాట నిజమే. కానీ అదే వారం అన్నం సగానికి తగ్గించి, ముందు బీరకాయ కూరా పప్పూ తిని, చివర్లో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాను. కాబట్టి పొడి వల్లే తగ్గిందని చెప్పలేను. అత్తయ్య రోజూ గ్లాసులో నానబెట్టే మెంతుల్ని మాత్రం డాక్టర్ ఆపించేశారు. కూరలో తాలింపుకైతే పర్వాలేదట, మందులా గుప్పెడు వద్దన్నారు. అత్తయ్యకి ఇంకా కోపమే!

పరగడుపు షుగర్ మాత్రం 95 కిందికి దిగనే లేదు. వేలు గుచ్చుకున్న ప్రతి పొద్దునా 102, 104. చివరికి 32వ వారంలో రాత్రిపూట ఇన్సులిన్ పెట్టారు. మొదటిరోజు ఎంత ఏడ్చానో! తీరా చూస్తే ఆ సూది చీమ కుట్టినంత కూడా లేదు.

పాప పుట్టింది, 2.9 కిలోలు. ఇన్సులిన్ ఆపేశారు. ఆరు వారాలకు మళ్ళీ టెస్టుంది, ఆ తియ్యటి నీళ్ళు ఇంకోసారి తాగాలి.