జావా 250 పునర్నిర్మాణం: నంబరు కలిసిన ఇంజన్ పగిలి ఉంది, బాగున్న ఇంజన్‌కు కాగితాలు లేవు

పాతబండి_కావలి:

సభ్యులకు నమస్కారం. మా నాన్నగారు 1969లో కొన్న జావా 250 బండిని, వీలైనంతవరకు ఆ కాలపు అసలు సామానుతోనే మళ్లీ నిలబెట్టాలని ఒక్కొక్క భాగం పోగుచేస్తూ వచ్చాను. ఇప్పుడు సామాను దాదాపు పూర్తయింది గానీ, ఇంజన్ విషయంలో ఒక మాట తేలక పని ఆగిపోయింది.

ఫ్రేము మాదే. మెడ గొట్టం మీది నంబరు ఆర్.సి. పుస్తకంలో రాసినదానితో పొల్లుపోకుండా కలుస్తుంది. ట్యాంకు, మడ్‌గార్డులు, వెనక చెయిన్‌ను మొత్తంగా కప్పే రేకు తొడుగు ఇంట్లో అటక మీదే ఉన్నాయి. సైలెన్సర్ల జత, హెడ్‌లైటు డోము చెన్నై పుదుపేటలోనూ, ఆరు వోల్టుల డైనమో, జికోవ్ కార్బురేటరు విజయవాడ ఆటోనగర్‌లోనూ దొరికాయి. ఒంగోలులో ఒక పాత మెకానిక్ షెడ్డు ఎత్తివేస్తుంటే 16 అంగుళాల రిమ్ములు, హబ్బులు తూకానికి ఇచ్చారు.

అసలు చిక్కు ఇంజన్లది. నా దగ్గర రెండు ఉన్నాయి. మొదటిది బండితో వచ్చినదే, నంబరు ఆర్.సి.తో కలుస్తుంది. అయితే ఎప్పుడో చెయిన్ తెగి ముందు పళ్లచక్రానికి చుట్టుకోవడంతో క్రాంక్ కేసు (ఇంజన్ అడుగుభాగపు లోహపు పెట్టె) ఎడమ సగంలో ఒక ముక్క ఊడిపోయింది. అక్కడినుంచి ఒక పగులు గేర్‌బాక్సు వైపు పాకింది. క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండవది కందుకూరు వైపు ఒక పాత ఇనుప సామాన్ల కొట్టులో కొన్నది. అది చక్కగా తిరుగుతోంది, గేర్లు పడుతున్నాయి, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) అర మిల్లీమీటరు ఓవర్‌సైజులో ఉంది. కాని దాని బండి ఏమైందో, కాగితాలు ఎక్కడున్నాయో అమ్మినవారికే తెలియదు.

ఒక మెకానిక్ రెండవ ఇంజన్ బిగించి తిరగమంటున్నారు. మరొకరు దాని నంబరు గీకి నా నంబరు కొట్టించమంటున్నారు. అది నాకు ఇష్టం లేదు. నాకు తోచినదేమంటే, మొదటి ఇంజన్‌లో పగలని కుడి సగాన్ని, రెండవదాని ఎడమ సగాన్ని కలిపి ఒకే కేసుగా చేయించడం. ఇది సాధ్యమా? అలాగే ట్యాంకు మీద అసలు మెరూన్ రంగు చాలావరకు నిలిచే ఉంది, క్రోము మాత్రం పొక్కిపోయింది. మళ్లీ రంగు వేయించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా? నాన్నగారు కాలం చేశారు, ఆర్.సి. ఇంకా ఆయన పేరుమీదే ఉంది, గడువు తీరి చాలా ఏళ్లయింది.

టూస్ట్రోక్_ఒంగోలు:

నంబరు గీకే సలహా ఇచ్చిన మనిషి షెడ్డుకు మీ బండిని మళ్లీ తీసుకెళ్లకండి. అది నేరం. అంతేకాదు, గీకిన అల్యూమినియం మీద కొత్తగా కొట్టిన అంకెలు చూసిన వెంటనే తెలిసిపోతాయి. ఆ తరువాత మీ అసలు ఫ్రేమును కూడా ఎవరూ నమ్మరు.

మీకు తోచిన మార్గం వినడానికి బాగుంది గానీ అది కూడా వద్దు. క్రాంక్ కేసు రెండు సగాలను ఫ్యాక్టరీలో జతగా బిగించి బేరింగ్ గూళ్లు తొలుస్తారు. అందువల్ల ఒక ఇంజన్ ఎడమ సగం ఇంకో ఇంజన్ కుడి సగానికి బోల్టులతో అతుక్కున్నట్టే కనిపించినా, రెండు గూళ్లు ఒకే గీతలో ఉంటాయన్న హామీ లేదు. తేడా వెంట్రుకవాసి ఉన్నా క్రాంకు బిగువుగా తిరుగుతుంది, బేరింగులు త్వరగా పోతాయి. పైగా జావాలో డైనమో ఆర్మేచరు క్రాంకు కుడి కొసకే బిగించి ఉంటుంది కదా. క్రాంకు ఊగితే ఆర్మేచరు వెళ్లి చుట్టూ ఉన్న ఫీల్డ్ కాయిళ్ల ఇనుపముక్కలను రాచుకుంటుంది. పుదుపేట కుప్పల్లో దొరికే కాలిన డైనమోల్లో చాలావాటి కథ అదే.

కాబట్టి పగిలిన కేసునే బాగుచేయించండి. ముందు పళ్లచక్రం దగ్గర కేసు పగలడం ఈ ఇంజన్లలో కొత్త సంగతి కాదు, అతికించగలిగినదే. అల్యూమినియం పోత పనిలో చెయ్యి తిరిగిన ఆర్గాన్ వెల్డింగ్ మనిషిని వెతకండి. గేట్లు, గ్రిల్లులు అతికే మనిషి దీనికి పనికిరాడు. ఇన్నేళ్లుగా నూనె పీల్చుకున్న లోహం కనుక ముందు కేసును కడిగించి, వేడిచేసి, ఉడికి బయటికొచ్చిన నూనెను తుడిచి, మళ్లీ కడిగించాలి. లేకపోతే అతుకు నిండా బుడగలు వస్తాయి. పగులు ఇంకా పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేయించి, పగులు పొడవునా గాడి తీయించి నింపించండి. వెల్డింగ్ చేసేటప్పుడు రెండు సగాలనూ బోల్టులతో బిగించే ఉంచమనండి. విడిగా వేడిచేస్తే రెండు సగాలూ కలిసే ముఖం వంకర తిరుగుతుంది. పని అయ్యాక ముఖాలను చదును పలక మీద, బేరింగ్ గూళ్లను లేత్ షాపులో కొలిపించి చూసుకోవాలి. ఊడిన ముక్క కోసం రెండవ కేసును మాత్రం కోయవద్దు. మంచి కేసు ఈ రోజుల్లో తేలికగా దొరకదు.

ఇక రెండవ ఇంజన్ ఎందుకంటే, లోపలి సామాను కోసం. గేర్లు, షాఫ్టులు, గేర్లు మార్చే ఫోర్కులు కలిపి ఒకే జతగా మార్చండి. ఇందులో ఒకటి, అందులో ఒకటి వేస్తే అరిగిన పళ్ల మీద అరగని పళ్లు పడి శబ్దం చేస్తాయి. బ్యారెల్ (సిలిండర్) 65 మిల్లీమీటర్ల బోరుతో మొదలవుతుంది, మీది 65.50కి వచ్చింది కనుక ఇంకా ఓవర్‌సైజులకు చోటు ఉంది. ఆర్.సి.లో బ్యారెల్ నంబరంటూ ఉండదు, కాబట్టి దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. క్రాంకు చక్కగా తిరుగుతోంది కదా అని అలాగే బిగించకండి. దానికి కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్టు వేయించి, ప్రెస్సులో కూర్చి, రెండు కొసల దగ్గరా డయల్ గేజి పెట్టి మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన నిటారు చేయగల షాపుకే ఇవ్వండి. సుత్తి దెబ్బలతో, కంటి అంచనాతో సరిచేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆయిల్ సీళ్లు రెండు వైపులా కొత్తవే వేయించాలి. టూ స్ట్రోకు ఇంజన్‌కు కేసు లోపలి గాలి ఒత్తిడే ప్రాణం. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లటి పొగ వదులుతుంది. డైనమో వైపు సీలు పోతే బయటి గాలి పీల్చి, మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. రెండవ ప్రమాదమే పెద్దది, ఎందుకంటే అది పొగతో ముందుగా చెప్పదు.

గూడూరు_రైడర్:

యంత్రం సంగతి పైవారు చెప్పారు, నేను కాగితాల సంగతికే పరిమితమవుతాను. మీ ఇంజన్ నిర్ణయం కాగితాలతో ముడిపడే ఉంది. ఆర్.సి.లో లేని ఇంజన్ పెడితే దాన్ని నమోదు చేయించాలి, దానికి ఆ ఇంజన్ ఎక్కడిదో రుజువు అడుగుతారు. మీ దగ్గర అది లేదు. పాత కేసు అతికించుకుంటే ఆ ప్రశ్నే రాదు.

ముందు యాజమాన్యం మార్పించండి. యజమాని చనిపోయిన సందర్భానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల సమ్మతి సిద్ధం చేసుకోండి. చేతిరాత పుస్తకం రోజుల ఆర్.సి. కాబట్టి మీ వివరాలు కంప్యూటరులో ఉండకపోవచ్చు, ముందు వాటిని అందులోకి ఎక్కించమని అడగవలసి వస్తుంది. ఆ తరువాత పునరుద్ధరణకు ఫారం 25. ఆలస్యానికి అదనపు రుసుము పడుతుంది, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి.

ఇంకొక దారి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు రుసుము. కొత్తగా నమోదైనవాటికి నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరునే నిలుపుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు చేసిన బండికి ఇది వర్తించదు. మరొక షరతు ఏమంటే, అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. మీరు కావలి నుంచి సింగరాయకొండ దాకా తీరిగ్గా తిరిగి రావాలనుకుంటే మామూలు ఆర్.సి.ని పునరుద్ధరించుకోవడమే నయమని నా అభిప్రాయం.

నికెల్‌పూత_నెల్లూరు:

రంగు విషయంలో నా మాట సూటిగా చెబుతాను: మొత్తం విప్పి కొత్తగా చేయించండి. మనది ఉప్పుగాలి తగిలే తీరం. పొక్కిన క్రోము కింద తుప్పు ఆగదు, అది ట్యాంకు రేకును తినేస్తుంది. క్రోము చేయించేటప్పుడు ముందు రాగి, తరువాత నికెల్, ఆ పైన క్రోమియం అని మూడు పూతలూ అడగండి. చవకగా చేసేవారు కింది పూతలు పలచన చేసి మెరుపు మాత్రం చూపిస్తారు, అది ఒక వానాకాలం తట్టుకోదు. సైలెన్సర్లను పూతకు ఇచ్చే ముందు లోపలి మసిని కాస్టిక్ సోడాతో కడిగించండి, లేకపోతే లోపలి నూనె పూత తొట్టిలోకి కారి పని చెడుతుంది. బోల్టులకు క్రోము వేయించి మెరిపించవద్దు. వాటికి జింకు పూతే ఆ కాలపు రూపానికి దగ్గరగా ఉంటుంది.

ఫ్రేమును శాండ్ బ్లాస్టింగ్‌కు ఇస్తే నంబరు ఉన్నచోట దళసరి టేపు చుట్టి, దాని మీద రేకు కట్టి ఇవ్వండి. అంతకుముందే ఫొటో తీసి, కాగితం మీద పెన్సిల్ ప్రింటు తీసిపెట్టుకోండి. పౌడర్ కోటింగ్ వద్దనే చెబుతాను. అది దళసరిగా పరుచుకుని నంబరు అంకెలను పూడ్చేస్తుంది.

టూస్ట్రోక్_ఒంగోలు:

ఫ్రేము, చక్రాలు, సైలెన్సర్ల విషయంలో నెల్లూరు వారితో ఏకీభవిస్తాను. ట్యాంకు విషయంలో కాదు. క్రోము పొక్కిన పక్కలకు మాత్రమే పూత చేయించాలంటే రంగు పోతుంది, నిజమే. కాని మైసూరు ఫ్యాక్టరీలో వేసిన రంగు మీకు మరొకటి దొరకదు. లోపల నిమ్మ ఉప్పు ద్రావణంతో తుప్పు తీయించి, బయట పొక్కులను మెత్తటి నూలుతో నూనె రాసి రుద్ది, మైనం పట్టించి ఉంచండి. పూర్తిగా పాడైతే అప్పుడు చేయించవచ్చు, ముందే తీసేస్తే తిరిగి తేలేరు.

ఇంకొక మాట. ఆన్‌లైనులో చెకోస్లొవేకియా ముద్ర ఉన్న సామాను ఎక్కువ ధరకు అమ్ముతూ, అదే అసలైనదని చెప్పేవారున్నారు. ఐడియల్ జావా సంస్థ 1961లో మైసూరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. తొలి ఏళ్ల బండ్లలో దిగుమతి భాగాలు ఉండేవి, పోనుపోను ఇక్కడ తయారైనవే వచ్చాయి. 1969 బండికి మైసూరు సామానే అసలు సామాను. ఎనిమిది వేలు పోసి ప్రేగ్ నుంచి తెప్పించిన స్విచ్చు అందంగా ఉంటుంది గానీ, మీ నాన్నగారి బండిది కాదు. లోపలి భాగాలు దొరకకపోతే అదే సంస్థ తరువాత తెచ్చిన ఎజ్డీ బండ్లలో తొలివాటివి చూడండి, ఆ ఇంజన్ జావా నుంచి వచ్చినదే. కొనే ముందు కొలిచి చూసుకుంటే చాలు.

పాతబండి_కావలి:

అందరికీ కృతజ్ఞతలు. పాత కేసునే అతికిస్తాను, ట్యాంకుకు ఇప్పుడు రంగు వేయించను. యాజమాన్యం మార్పు మొదలుపెడుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది: ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ పెట్రోలు ఈ ఇంజన్‌కు పడుతుందా?

గూడూరు_రైడర్:

నడుస్తుంది, కొన్ని జాగ్రత్తలతో. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, పెట్రోలు కుళాయిలోని బెండు సీలును పాడుచేస్తుంది. రెండింటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకాలతో మార్చండి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. తీరప్రాంతంలో బండిని వారాల తరబడి నిలిపితే నీరు, పెట్రోలు వేరై ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. అందువల్ల బండి ఆపేటప్పుడు కుళాయి కట్టి, కార్బురేటరులో మిగిలినది అయిపోయేదాకా ఇంజన్ నడపండి. ఇథనాల్ వల్ల మిశ్రమం కొద్దిగా పలచబడుతుంది కనుక ప్లగ్గు రంగు మరీ తెల్లగా కనిపిస్తే కార్బురేటరు సూదిని ఒక గాడి పైకి ఎత్తండి.

ఆయిల్ విషయానికొస్తే, కొత్త పిస్టన్ సర్దుకునేదాకా లీటరుకు 50 మిల్లీలీటర్లు, తరువాత 40 మిల్లీలీటర్ల లెక్కన టూటీ ఆయిల్ కలపండి. ప్లగ్గు నిప్పురవ్వను నడిపే కాంటాక్ట్ పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరు దగ్గర పెట్టండి. మొదట్లో ఎక్కువ దూరం ఒకే వేగంతో లాగించకుండా మధ్యమధ్య ఆపి చల్లారనివ్వండి, మొదటి కొన్ని పరుగుల తరువాత ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక హెడ్ నట్లను అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురు వరుసలో మళ్లీ బిగించండి. ముందు పళ్లచక్రం నట్టు కింది లాకు వాషరును కొత్తది వేసి, దాని అంచు మడిచారో లేదో స్వయంగా చూసుకోండి. పాత చెయిన్ ఎంత బాగున్నట్టు కనిపించినా, అతికిన ఆ కేసు పక్కన దాన్ని మళ్లీ వేయకండి.