సినిమా టికెట్ రేటు పెంచుకోమని సర్కారు ప్రత్యేకంగా జీవో ఎందుకివ్వాలి?

నేలటికెట్టు:
తెలంగాణలో 2021 డిసెంబర్ జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో మామూలు సీటు టికెట్ గరిష్ఠంగా 150, మల్టీప్లెక్స్‌లో 250, జీఎస్టీ అదనం. పెద్ద హీరో సినిమా వస్తే మాత్రం ఈ గరిష్ఠం గాలికి పోతుంది. పుష్ప 2 ప్రీమియర్‌కి మామూలు రేటు మీద 800 అదనం. ఓజీ ప్రీమియర్‌కి మొత్తం టికెట్టే తెలంగాణలో 800, ఆంధ్రలో 1000. మరి ఆ పరిమితి ఎవరి కోసం పెట్టినట్టు, చిన్న సినిమాల కోసమా? ఈ పెంపు జీవోలు ఆపాలన్నది నా వాదన. లెఫ్ట్ వాడివి కాబట్టి ఇలాగే అంటావని తిట్టేవాళ్ళు తిట్టుకోండి.

బెనిఫిట్‌షో బాబు:
అన్నా, సినిమా ఏమైనా రేషన్ బియ్యమా? వందల కోట్లు పెట్టినవాడు మొదటి వారంలో రాబట్టుకోకపోతే మునుగుతాడు. తొందరేముంది, పది రోజులాగి చూడు. ఇంకాగితే ఓటీటీలో వస్తుంది. ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు మానేస్తాడు. కమ్యూనిస్టులకి ఇంటర్వెల్‌లో కూడా దోపిడీయే కనిపిస్తుంది.

నేలటికెట్టు:
అంత మార్కెట్టే అయితే సచివాలయం గడప తొక్కడం దేనికి తమ్ముడూ? పరిమితి మొత్తం ఎత్తేయమని అడగొచ్చుగా! అడగరు. ఎత్తేస్తే అందరికీ ఒకటే, ఇప్పుడైతే పలుకుబడి ఉన్నవాళ్ళకే.

2024 డిసెంబర్ 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్ దగ్గర, హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. తాను ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు, రేట్ల పెంపు ఉండవని రేవంత్ రెడ్డి గారు అసెంబ్లీలోనే చెప్పారు. మూడు వారాలు తిరక్కుండా గేమ్ ఛేంజర్‌కి పెంపు ఇచ్చారు. హైకోర్టు నిలదీశాక వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబర్‌కల్లా ఓజీ, మళ్ళీ మొదటికే.

కోనసీమ కుర్రోడు:
2021లో జగన్ హయాంలో జీవో 35 తెచ్చి, పంచాయతీల్లో నాన్ ఏసీ హాలుకి అయిదు రూపాయల టికెట్ పెట్టినప్పుడు మీ బ్యాచ్ చప్పట్లు కొట్టింది కదా? అయిదు రూపాయలకు సమోసా కూడా రాదు. ఆ డిసెంబర్‌లో మా వైపు హాళ్ళు తాళాలేసుకున్నాయి.

నేలటికెట్టు:
నేను కొట్టలేదు. అది పేదల మీద ప్రేమ కాదు, ఇండస్ట్రీకి ముక్కుతాడు వేయడం అని నా అనుమానం. 2022 మార్చిలో వాళ్ళే మార్చుకున్నారు. అప్పుడైనా ఇప్పుడైనా సినిమావాళ్ళు పాలకుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. నాకు నచ్చనిది అదే.

బుకింగ్ కౌంటర్:
జిల్లా కేంద్రంలో సింగిల్ స్క్రీన్ చూసుకుంటాను. మాది రెంట్ పద్ధతి. టికెట్ 150 అయినా 300 అయినా మాకొచ్చేది అదే అద్దె. రేటు పెరిగితే ఫ్యామిలీలు రావు, క్యాంటీన్ పడుకుంటుంది. పెంపు ఉన్న రోజుల్లో ఒక ఆదివారం మ్యాట్నీకి ఒకాయన భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని స్కూటీ మీద వచ్చాడు. అద్దానికి అంటించిన రేట్ల కాగితం చూసి, వేళ్ళ మీద లెక్కేసుకుని, గేటు బయట పల్లీలు కొనిపెట్టి తీసుకెళ్ళిపోయాడు. ఆ నలుగురూ పది రోజుల తర్వాత వస్తారని ఎవరైనా రాసిస్తారా? 2025 మేలో హాళ్ళు నడిపే ఎగ్జిబిటర్లు అద్దె కాదు, కలెక్షన్‌లో పర్సంటేజీ కావాలి, లేదంటే జూన్ 1 నుంచి బంద్ అన్నారంటే ఊరికే అన్లేదు.

బెనిఫిట్‌షో బాబు:
సరే, హాలువాళ్ళ బాధ వేరు. కానీ కలెక్షన్ వస్తేనే కదా ఇండస్ట్రీలో అందరికీ పని?

నేలటికెట్టు:
పని ఉంటుంది, కూలి పెరగదు. 2025 ఆగస్టులో లైట్‌మెన్, డ్రైవర్లు, మేకప్ వాళ్ళూ 30 శాతం పెంచమని సమ్మెకి దిగారు. గిట్టుబాటు కాదన్నారు నిర్మాతలు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాక తేలింది 22.5 శాతం, అదీ మూడేళ్ళలో. నీ టికెట్ మాత్రం ఒక్క మెమోతో రాత్రికి రాత్రే రెండు మూడింతలు. పెంపు సొమ్ములో 20 శాతం కార్మికులకిస్తేనే జీవో ఇస్తామని అదే ఏడాది అక్టోబర్‌లో యూసుఫ్‌గూడ సభలో ముఖ్యమంత్రే అన్నారు. ఆ షరతు జీవోలోనే రాయమను, సగం గొడవ మానేస్తా.

బెనిఫిట్‌షో బాబు:
అది రాస్తే నా ఓజీ టికెట్ 800లో 160 లైట్‌బాయ్‌కి పోతాయంటావా? పోనీ అన్నా, దానికైతే నాకు ఓకే. కానీ ఫస్ట్ షో మాత్రం వదల్ను.

బుకింగ్ కౌంటర్:
800లో కాదు బాబూ, పెంచిన దాంట్లో. అసలు రేటు తీసేసి లెక్కెయ్యి.