నిజాం కాలం నాటి ఫసలీ క్యాలెండర్ తేదీలను ఇంగ్లీషు తేదీల్లోకి మార్చడంలో సాయం కావాలి

హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన మా అమ్మమ్మకు తొంభై దాటాయి. ఆవిడ జీవితాన్ని ఏళ్లవారీగా రాస్తున్నాం. బడి కాగితం ఉర్దూలో ఉంది: పుట్టింది ఖుర్దాద్ 12, 1342 ఫసలీ. ఇంట్లో అందరూ 590 కలిపి 1932 అంటున్నారు. నిజాం ఫసలీ ఏడాది ఆజూర్ నెలతో, అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. డిసెంబరు వరకే 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ ఏడో నెల, అంటే 1933 ఏప్రిల్ ప్రాంతం. కచ్చితమైన రోజు తేల్చే పాత జంత్రీ (పంచాంగం) నగరంలో ఎక్కడ చూడొచ్చు?

పెళ్లి "పోలీస్ యాక్షన్‌కు ముందటి దసరాకు" అంటుంది. పోలీస్ యాక్షన్, అంటే హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం చర్య, 1948 సెప్టెంబరు 13న మొదలైంది కనుక 1947 దసరా అనుకుంటున్నాం. తాతయ్య జీతం హాలీ సిక్కాల్లో (నిజాం రూపాయల్లో) చెబుతుంది. 7 హాలీకి 6 కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయల లెక్కన మార్చాం.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలే గుర్తుంటాయి. 1949 నుంచి 1956 మధ్య కాలాన్ని పట్టుకోవడానికి పాతబస్తీ వాళ్లను ఏ సంఘటనల గురించి అడగాలి? ఆవిడ మాట్లాడగలిగే ఓపిక ఉండగానే పూర్తి చేయాలి, దయచేసి చెప్పండి.