కథ కోసం ఏటి ఒడ్డుకు వెళ్లాలా, వీధి చివరిదాకా వెళ్తే చాలదా?

మూడులాంతర్లు (విజయనగరం):
అందరికీ నమస్కారం. నేను కథలు రాస్తుంటాను. అచ్చయినవి రెండు. మూడోది ఎనిమిది నెలలుగా కదలట్లేదు. "ఊరు దాటి బయటికెళ్లు, నాలుగు చెట్లు చూడు, దానంతటదే వస్తుంది" అని అడిగిన ప్రతివాళ్లూ చెప్పారు. సరేనని పూసపాటిరేగ వైపు సముద్రం ఒడ్డున పెట్టిన రెండ్రోజుల రచనా శిబిరానికి డబ్బు కట్టి వెళ్లాను. ఫోన్లు గుడ్డసంచిలో వేయించుకున్నారు. సరుగుడు తోటలో చాపలు పరిచి, కళ్లు మూసుకుని అలల చప్పుడు వినమన్నారు. విన్నాను. నిద్ర పట్టేసింది. లేచాక ఇచ్చిన కాగితం మీద "అలలు వస్తున్నాయి, పోతున్నాయి" అని రాశాను. పక్కాయన కాగితంలోకి తొంగిచూస్తే అక్కడా అవే అలలు.

తర్వాతి వారం భూమి కొలతల పని మీద బొబ్బిలి దగ్గర మా తాతగారి ఊరెళ్లాను. సర్వేయరు పదింటికన్నాడు, ఒంటిగంట దాకా రాలేదు. ఫోన్లో ఛార్జింగ్ లేదు. గట్టు మీద కూర్చున్నాను. పక్క మడిలో ఒకాయన పీత బొరియ వెతుకుతున్నాడు. నిండుగా కట్టిన నీరు రాత్రికి రాత్రి సగం దిగిపోయిందట. అనుమానమున్న చోటల్లా కాలితో బురద కెలకడం, వెంటనే గట్టు దాటి అవతల వంగి చూడటం. అవతల నీరు ఎక్కడ బురదగా మారితే బొరియ అక్కడ. ఆరో చోట దొరికింది. గడ్డి ఉండ చుట్టి, బంకమట్టి అద్ది, మడమతో లోపలికి తొక్కి, "ఇది మూస్తే రేపు ఇంకోటి తవ్వుతాది బావూ, దానికీ ఓ ఇల్లుండాల కదేటి" అన్నాడు.

ఆ రాత్రి నాలుగు పేజీలు రాశాను. నాతో రాయించింది పొలమా, ఆ మనిషా, చచ్చిపోయిన ఫోనా? కథలు రాసేవాళ్లకి ప్రకృతి నిజంగా అవసరమా, లేక ఊరికే ఒకరికొకరం చెప్పుకునే మాటా?

జీడిపిక్క (పలాస):
శిబిరానికి ఎంత కట్టావు తమ్ముడూ? అందులో సగం నాకిస్తే కాశీబుగ్గలో నెల్లాళ్లు టీ పోయిస్తాను. అలలు ఉండవు గానీ కథలుంటాయి.

ఏటిగట్టు (శ్రీకాకుళం):
జీడిపిక్క గారికి ప్రతిదీ వేళాకోళమే. నేను ప్రకృతి పక్షం, దాచుకునేదేం లేదు. 2012లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. 56 మంది, ఫోనూ కంప్యూటరూ లేకుండా అడవుల్లో నడక. బయల్దేరకముందు పరీక్ష రాసినవాళ్ల కంటే, నాలుగో రోజు రాసినవాళ్లకి మార్కులు 50 శాతం ఎక్కువొచ్చాయి. సృజనశక్తిని కొలిచే పరీక్షే అది.

సరే, అమెరికా సంగతి అలా ఉంచండి. ఇప్పటి కథల్లో చెట్టంటే చెట్టే, పిట్టంటే పిట్టే. ఏ చెట్టు? ఏ పిట్ట? చూస్తే కదా పేరు తెలిసేది. నేను ఏటా చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తాను. గూడబాతులూ రంగుకొంగలూ అక్కడి చెట్ల మీద గూళ్లు కడతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు నోట్‌బుక్కులో "తెల్లని రెక్కల అందం" అని రాసుకున్నాను. మూడో ఏడు రాసుకున్నది వేరు. చెట్ల కింద కుళ్లిన చేపల వాసన, సున్నం చిలకరించినట్టు ఆకుల మీద రెట్టలు, ఆ కింద నుంచి తల మీద బడిసంచి పెట్టుకుని పరుగెత్తిన పిల్ల. మొదటి ముక్క ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. రెండోది రాయలేం.

మన తీరం వెంట జీడి, కొబ్బరి తోటల ప్రాంతం ఉద్దానం కదా, అక్కడ నడిచే నా కొత్త కథ ఎత్తుగడ చూడండి: "దసరా సెలవులకి ఉద్దానంలో బస్సు దిగేసరికి జీడిమామిడి పూత వాసన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది." ఇది గదిలో కూర్చుంటే వచ్చే వాక్యమా?

ఉద్దానం కోడలు (కవిటి):
గదిలో కూర్చుంటేనే వచ్చిందండీ. దసరాకి జీడిమామిడి పూత ఉండదు. పుష్యమాఘాల్లో పూస్తుంది, పిక్క ఎండల్లో రాలుతుంది. దసరాకి మీ చెయ్యి పట్టుకున్నది ఇంకేదో.

తప్పు పట్టాలని కాదు. మీరు చూడ్డానికొస్తారు, మేం అందులోనే ఉంటాం. మాకు దసరా రోజులంటే తుపాను రోజులు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరే. తిత్లీ పోయిన మర్నాడు మా అత్తగారు తోటలోకెళ్లారు. కొబ్బరిచెట్లన్నీ ఎవరో పడుకోబెట్టినట్టు ఒకే పక్కకి పడున్నాయి. నష్టం రాసుకోడానికి ఎవరో వస్తారని మేం మొదళ్ల మీద సున్నంతో అంకెలేస్తున్నాం. ఆవిడకి అంకెలు రావు. ఒక్కో మొదలు మీద చెయ్యేసి, "ఇది పెద్దోడు పుట్టినేడు ఏసినాం, ఇది మీ మావ నాకు సీరకిచ్చిన డబ్బుల్తో కొన్నది, ఇదొక దొంగది, ఏనాడూ సరిగ్గా కాపియ్యనేదు" అంటూ నడిచారు. ఆ దొంగదాన్ని తిట్టేటప్పుడే ఏడ్చారు.

కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ ఇంటి మగాళ్లు ఏ ఊళ్లో పని చేశారో, ఎవరి దగ్గర అప్పు తెచ్చారో, మా ప్రకృతి అంటే అదంతా. నేనిప్పటిదాకా ఒక్క ముక్కా రాయలేదు. ప్రకృతికి కొదవ లేదు, తీరికకే.

చాక్‌పీసు (రాజాం, రిటైర్డ్):
అమ్మా కోడలూ, మీ అత్తగారి మాటలు అక్షరం మార్చకుండా పెడితే అది కథే. తీరిక దొరికేదాకా ఆగకు.

ఏటిగట్టు గారూ, ఆ పరిశోధన నేనూ చదివాను. వాళ్లు పెట్టింది కథ రాసే పరీక్ష కాదు. మూడు మాటలిచ్చి, మూడింటికీ అతికే నాలుగో మాట చెప్పమంటారు, అంతే. ఆ మార్కులు అడవి వల్ల వచ్చాయా, ఫోన్లు లేకపోవడం వల్ల వచ్చాయా అన్నది విడదీసి చెప్పలేమని పరిశోధన చేసినవాళ్లే ఒప్పుకున్నారు. 2014లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి ఇంకోటి వచ్చింది. ఖాళీ గోడకెదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లకి కూడా, కూర్చున్నవాళ్ల కంటే ఎక్కువ ఆలోచనలు తట్టాయి. చెట్టూ లేదు, చేమా లేదు.

మన ఉత్తరాంధ్ర మనిషినే చూడండి. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారిది శ్రీకాకుళం జిల్లా మురపాక. విశాఖపట్నంలో బడిపంతులుగా ఉద్యోగం చేస్తూ మన పల్లెల కథలు రాశారు. ఏటి ఒడ్డున చాప పరుచుకుని కాదు. 1997లో ఆయన శ్రీకాకుళంలో తెలుగు కథల కోసం పెట్టిన గ్రంథాలయం, కథానిలయానికి వెళ్లి ఏ బీరువా దగ్గరైనా ఓ పూట కూర్చోండి. ఉత్తరాంధ్ర కథల్లో ఏరు లేకపోలేదు. ఆ ఏటి నీటి కోసం కొట్టుకున్నవాళ్లు ముందు కనిపిస్తారు.

అయినా, పైడితల్లమ్మ గుడి దగ్గరి మూడులాంతర్ల కూడలి పేరు పెట్టుకుని చెట్టు కోసం సముద్రం దాకా పోవడమేమిటి నాయనా? మీ పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమానుకి ఏటా ఓ చింతమాను కావాలి. అదెక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. ఊరేగే మానుని లక్షమంది చూస్తారు. కొట్టేశాక మిగిలిన మొద్దు దగ్గర మర్నాడు పొద్దున్న ఆ తోటవాళ్లు నిలబడతారు కదా, అక్కడికి ఎవరెళ్లారు? నేనూ వెళ్లలేదు. అమ్మవారు ఎంచుకుందన్న గర్వం ఓ పక్క, ఆ ఏడు చింతపండు కొనుక్కోవడం ఓ పక్క.

ఏటిగట్టు:
పూత తప్పు నాదే, వాక్యం కొట్టేశాను. కానీ చూసినవాళ్లు ఉండబట్టే కదా ఆ తప్పు దొరికింది! అది నా వాదనకే బలం. మాస్టారూ, రామారావు గారు విశాఖలో ఉండి రాశారు, నిజమే. మరి చిన్నతనం మురపాక పక్కన గడవకపోతే? మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. కథలు రాస్తానంటాడు. వరి ఏ నెలలో కోస్తారో వాడికి తెలీదు. వాడికి మురపాకని ఎక్కణ్నుంచి తేను? ట్రెడ్‌మిల్ ఎక్కించమంటారా?

చాక్‌పీసు:
వాడి అపార్టుమెంటు గురించే రాయమనండి. ఆ లిఫ్టులో ఎవరు ఎక్కకూడదో వాడికి మనకంటే బాగా తెలుసు.

ఉద్దానం కోడలు:
సంక్రాంతి వెళ్లాక మా ఇంటికి పంపండి ఏటిగట్టు గారూ. అసలు పూత చూస్తాడు. పొద్దున్నే మబ్బు పట్టిందంటే పూత మాడిపోతుందని మా మామగారు అన్నం దగ్గర కూడా మాట్లాడరు. ఆయన మొహం కూడా చూడమనండి. పనస తొనలు మాత్రం అప్పటికి దొరకవు, ముందే చెబుతున్నా.

జీడిపిక్క:
ఇంతకీ ఎంత కట్టావో చెప్పలేదు.

మూడులాంతర్లు:
రెండు వేల ఎనిమిది వందలు. ఇక ఆ మాట ఎత్తకండి.

నెల దాటింది. కథ నాలుగు పేజీల దగ్గరే ఆగిపోయింది. చాక్‌పీసు మాస్టారు చెప్పిన నడక పరిశోధన నమ్మి రోజూ సాయంత్రం కోట చుట్టూ నడిచాను. కాళ్లు నొప్పులు తప్ప ఏమీ రాలేదు. మొన్న ఆదివారం మళ్లీ బొబ్బిలి వైపు వెళ్లాను. మడిలో నీళ్లు తీసేశారు, చేను పండింది. గట్టు మీద ఆయన మడమ దిగబడిన గుంట ఎండి అలాగే ఉంది. దానికి జానెడు దూరంలో కొత్త బొరియ.

ఆయన లేడు. ఆ మడి ఆయనది కాదట, కూలికి నీళ్లు చూసేవాడట. వారం కిందట పెళ్లాం పిల్లల్ని తీసుకుని వైజాగ్ వెళ్లిపోయాడట, అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా. మెట్ల కింద గది ఇస్తారట. మూడు గంటలు ఆయన ఎదురుగా కూర్చున్నాను. పేరడగలేదు.

ఉద్దానం కోడలు:
వైజాగ్‌లో ఏ పేటో ఊళ్లోవాళ్లని అడిగావా, లేక అదీ అడగలేదా?