కాసినిని కావాలని శని మీద ఎందుకు పడేశారు?

చుక్కలపిచ్చి:
మా అమ్మాయికి శని వలయాల ఫొటోలు చూపిస్తుంటే ఈ ప్రశ్న వేసింది, నా దగ్గర సరైన జవాబు లేదు. కాసిని అనే ఈ నాసా వ్యోమనౌక 1997లో బయల్దేరి, 2004లో శనిని చేరి, 13 ఏళ్లు చక్కగా పనిచేసింది. ఇంధనం అయిపోతే అయిపోయింది, వాయేజర్ వ్యోమనౌకలని వదిలేసినట్టు దీన్నీ వదిలేస్తే ఏం పోయేది?

పాతరేడియో:
వాయేజర్లతో పోలిక కుదరదండీ. అవి సౌరకుటుంబం దాటి పోతున్నాయి, కాసిని మాత్రం శని చుట్టూనే తిరిగేది. ఇంధనం లేకపోతే దారి మార్చలేం, ఎప్పుడో ఒకప్పుడు శని చందమామలైన ఎన్‌సెలడస్‌కో టైటాన్‌కో గుద్దుకోవచ్చు. ఎన్‌సెలడస్ అడ్డంగా 500 కిలోమీటర్లే, కానీ దాని దక్షిణ ధ్రువం దగ్గర చీలికల్లోంచి నీటి ఆవిరి, మంచు తుంపర ఎగజిమ్ముతున్నాయని 2005లో కాసినియే కనిపెట్టింది. లోపల ఉప్పునీటి సముద్రం ఉంది. (పేరుకి కాసిని, దొరికింది మాత్రం కాసిని నీళ్లు కాదు!) మన సూక్ష్మజీవులు అక్కడ చేరితే, రేపు జీవం దొరికినా అది అక్కడిదో మనం మోసుకెళ్లిందో ఎలా తేల్చుకుంటాం?

చుక్కలపిచ్చి:
మరి కాసిని మోసుకెళ్లిన హ్యూజెన్స్ అనే చిన్న నౌకని టైటాన్ మీద దింపారుగా? అప్పుడు లేని మడి ఇప్పుడెందుకు?

రాత్రిడ్యూటీ:
మంచి పాయింటే. హ్యూజెన్స్ దిగింది 2005 జనవరి 14న, ఎన్‌సెలడస్ సంగతి బయటపడకముందు. పైగా అది బ్యాటరీల మీద నడిచింది, టైటాన్ నేల మీద సుమారు మైనస్ 179 డిగ్రీలు, అక్కడ నీళ్లంటే రాయిలాంటి మంచు. కాసినికి కరెంటిచ్చింది రేడియోధార్మిక ప్లుటోనియం నుంచి పుట్టే వేడి, ఆ ప్లుటోనియం సగానికి తగ్గడానికే 88 ఏళ్లు పడుతుంది. ఆ వేడి మంచు మీద పడితే చుట్టూ కరిగి నీళ్లవుతుందనే టెన్షన్ కూడా ఉంది.
హ్యూజెన్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. అది రెండు చానెళ్లలో కాసినికి సిగ్నల్ పంపింది, ఒకదాని రిసీవర్‌ని ఆన్ చెయ్యమనే కమాండ్ కాసినికి వెళ్లలేదు, దాంతో ఫొటోల్లో సగం గల్లంతు. గాలి వేగం లెక్కలు కూడా పోయేవే, భూమ్మీది రేడియో టెలిస్కోపులు నేరుగా ఆ బలహీనమైన సిగ్నల్ పట్టుకోబట్టి దక్కాయి.

పాతరేడియో:
చివరి మలుపు తిప్పింది కూడా టైటానే. 2017 ఏప్రిల్‌లో దాని పక్కగా పోతే ఆ ఆకర్షణకి కక్ష్య మారి, శనికీ వలయాలకీ మధ్య ఖాళీలోకి వచ్చింది. అక్కడ 22 చుట్లు తిరిగింది. మొదటిసారి దూరేటప్పుడు దుమ్ము తగలకుండా పెద్ద యాంటెన్నానే గొడుగులా ముందు పెట్టుకుంది. సెప్టెంబర్ 15న పడింది. సిగ్నల్ రావడానికే 83 నిమిషాలు, ఇక్కడ ఆగిపోయిందని చూసేసరికి అది బూడిదై గంట దాటింది.

చుక్కలపిచ్చి:
అమ్మాయికి చెప్పాను, ఒప్పుకుంది. కానీ 2028లో టైటాన్‌కి పంపబోయే డ్రాగన్‌ఫ్లై అనే నాసా డ్రోన్‌లో కూడా ప్లుటోనియమే కదండీ? ఇది మా అమ్మాయి అడిగింది కాదు, నా డౌటే.