భీమిలి మొగలో దొరికినవి నెత్తళ్లా, పూరవలా?

గోస్తని సముద్రంలో కలిసే భీమిలి మొగ దగ్గర, ఆదివారం ఒక పెద్దావిడ గంపలోంచి చిన్న చేపలు కొన్నాను. "ఏటి నెత్తళ్లు బాబూ, సముద్రానివి కావు" అన్నారామె.

ఇంట్లో పళ్లెంలో పరచి చూశాక సందేహం పట్టుకుంది. అమ్మ ఎండబెట్టే నెత్తళ్లకు ఒంటి పక్కన పొడవునా వెండి చార మెరుస్తుంది. వీటికి అది లేదు. పొట్ట అంచున తోక వైపు నుంచి వేలు జరిపితే రంపంలా గీసుకుంది. పై దవడ మొప్ప దాటి వెనక్కి సాగింది. ఇవి నెత్తళ్లను పోలిన పూరవలేనా? ఉప్పునీరు, మంచినీరు కలిసేచోట ఏడాదంతా ఉంటాయా, పోటుతో వచ్చి వెళతాయా?

విశాఖ చేపలను స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803లోనే స్థానిక పేర్లతో సహా గ్రంథస్థం చేశారు. ఆ పేర్లు మన నోటి నుంచి జారిపోకూడదని నా ఆరాటం. వేటకు వెళ్లేవారు, మత్స్యశాస్త్రం చదివినవారు దయచేసి చెప్పండి.